కాలువ మీద గ్రంథాలయం - కనబడని పాఠకుడు

తెనాలి, బాపట్ల, రేపల్లె - ఈ మూడు పేర్లు వినగానే పశ్చిమ కృష్ణాడెల్టా వారికి మొదట జ్ఞాపకం వచ్చేవి కాలువలు. సీతానగరం వద్ద కృష్ణ నుండి విడివడిన నీరు దుగ్గిరాల లాకులు చేరి పాయలుగా చీలుతుంది. ఒక పాయ తెనాలి మీదుగా నిజాంపట్నం వైపు సాగుతుంది. ఒకటి కృష్ణ కట్టను ఒరుసుకొంటూ కొల్లూరు మీదుగా రేపల్లె సీమకు పోతుంది. మరొకటి కొమ్మమూరు కాలువ అన్న పేరుతో బాపట్ల ప్రాంతాన్ని తడిపి, పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువను చేరుతుంది. బస్సులు విరివిగా రాని కాలంలో ఈ కాలువలే ఇక్కడి రాజబాటలు. ధాన్యం బస్తాలు, కలప, పెళ్ళివారు, వ్యాజ్యాలకై పట్నం పోయే రైతులు, అందరూ పడవల మీదనే ప్రయాణం చేసేవారు. 1935లో ఆ పడవల మీద పుస్తకం కూడా ప్రయాణం చేసినది.

ఈ ప్రసంగంలో మేము మూడు వృత్తుల చరిత్రను ఒకచోట చేర్చి చెప్పదలచినాము. మొదటిది గ్రంథాలయ సేవ. రెండవది పత్రికా రచన. మూడవది, స్త్రీపురుష భేదం విషయంలోను, ప్రేమ విషయంలోను పదిమంది నడిచే బాటకు భిన్నంగా జీవించేవారు తమ గురించి తాము చేసుకొన్న రచన. ఇంగ్లీషువారు ‘క్వీర్’ అనే మాటతో పిలిచే ఈ సమూహానికీ, మన కాలువల వెంట పుట్టిన గ్రంథాలయోద్యమానికీ సంబంధమేమిటని శ్రోతలకు సందేహం కలుగవచ్చును. సంబంధం ఉన్నది. అది కొంత దూరం పోయి, తిరిగి మన తెనాలి పక్కనే తేలుతుంది.

అక్షరం ఈ సీమకు కొత్త కాదు. రేపల్లె దాపున ఉన్న భట్టిప్రోలు స్తూపంలో 1892లో బయల్పడిన ధాతుకరండాల మీది లేఖనాలు తెలుగునేల మీద దొరికిన మిక్కిలి ప్రాచీనమైన వ్రాతలలోనివి. ఆధునిక కాలంలో చూచినా, 1913లో ప్రథమాంధ్ర మహాసభ జరిగినది బాపట్లలోనే. తెలుగువారికి ఒక రాష్ట్రం కావలెనన్న ఆలోచన ఆ సభలో రూపు కట్టినది. మరుసటి ఏడే, 1914లో, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం వెలసినది. దానికి ప్రాణం పోసిన అయ్యంకి వేంకటరమణయ్యగారు అంతకుముందే పత్రికా నిర్వాహకులు. ఆయన 1910లో బందరు నుండి ‘ఆంధ్రభారతి’ అనే మాసపత్రికను నడిపినారు. గ్రంథాలయ సంఘం వెలసిన కొద్దికాలానికే ‘గ్రంథాలయ సర్వస్వం’ అనే పత్రికను కూడా ఆరంభించినారు. అనగా మన దేశంలో గ్రంథాలయమూ, పత్రికా ఒకే చేతి మీదుగా పెరిగినవి. పుస్తకాన్ని భద్రపరచినంత మాత్రాన చాలదు, దాని సంగతి పదిమందికీ చాటవలెనని ఆ పెద్దలకు తెలుసును.

1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలసినది. ఇప్పటి జిల్లాల విభజన ప్రకారం అది బాపట్ల జిల్లాలోనిది. 1929లో మహాత్మాగాంధీగారు ఆ గ్రంథాలయ భవనానికి శంకుస్థాపన చేసినారు. అయితే పరిశోధకులు దేశదేశాల నుండి ఆ ఊరు వెదకుకొంటూ వచ్చేది ఆ శిలను చూచుటకు కాదు, అక్కడ భద్రపరచిన పాత పత్రికల కోసం. పత్రిక నాటి ఉదయం పుట్టి సాయంకాలానికి పొట్లాల కాగితమయ్యే వస్తువు. దానిని పదిలంగా కట్టగట్టి, తేదీల వరుసన ఉంచి, నూరేళ్ళ తరువాత వచ్చినవానికి అందించడం సామాన్యమైన సేవ కాదు. పత్రికారచయిత వ్రాసినదానికి ఆయుష్షు పోసేవాడు గ్రంథపాలకుడే.

ఇక పడవ సంగతి. తెనాలి ప్రాంతంలోని పెదపాలెం వాస్తవ్యులు పాతూరి నాగభూషణంగారు తమ ఊరిలో సేవాశ్రమం నెలకొల్పి గ్రంథాలయం నడుపుతూ ఉండేవారు. గ్రంథాలయానికి వచ్చేవారు కొందరే. రానివారు ఎందరో. పొలం వదలి రాలేనివారు, చదువు వచ్చి కూడా పుస్తకం కొనలేనివారు, గ్రంథాలయమంటే మనవంటివారికి కాదని గుమ్మం వద్దనే నిలిచిపోయేవారు. వారు రాకపోతే పుస్తకమే వారి వద్దకు పోవలెనని ఆయన 1935లో పెదవడ్లపూడి - కొల్లూరుల నడుమ కాలువ మీద పడవ గ్రంథాలయం ఏర్పరచినారు. ఆ కాలపు పడవ నడక మనకు తెలిసినదే. గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకొని లాగుతూ ఉంటే అది మెల్లమెల్లగా సాగేది. ప్రయాణికునికి చేయడానికి పని లేదు. అటువంటి తీరిక వేళ చేతికి ఒక పుస్తకం అందించినారు. నాగభూషణంగారు తరువాతి కాలంలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి కార్యదర్శిగా దీర్ఘకాలం పనిచేసినారు. ‘గ్రంథాలయ సర్వస్వం’ పత్రిక భారాన్ని కూడా మోసినారు. గ్రంథాలయ సేవా, పత్రికారచనా ఒకే జీవితంలో కలిసి ప్రవహించడానికి ఈ సీమలో ఇంతకన్న మంచి ఉదాహరణ కానరాదు.

మద్రాసులో ఎస్. ఆర్. రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయ పంచసూత్రాలలో ప్రతి పాఠకునికీ తన పుస్తకం లభించవలెనని ఒక సూత్రం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు లభించవలెనని మరొక సూత్రం ఉన్నవి. పడవ గ్రంథాలయం ఈ సూత్రాలకు నీటి మీద వ్రాసిన భాష్యం. అయినా ఆ పడవలో ఎక్కినవారందరికీ తమ పుస్తకం దొరికినదా? రైతుకు వ్యవసాయపు పుస్తకం, గృహిణికి నవల, బాలునికి కథలు దొరికి ఉండవచ్చును. మగపిల్లవానిగా పుట్టి, తాను ఆడపిల్లనని లోలోపల ఎరిగి, ఆ మాట ఎవ్వరితోను చెప్పుకోలేక కుమిలేవారు ఆ రోజులలోను ఉన్నారు. తనవంటి స్త్రీనే ప్రేమించిన స్త్రీ, తనవంటి పురుషునే ప్రేమించిన పురుషుడు ఆ రోజులలోను ఉన్నారు. వారిని గురించి వారి మాటలలో చెప్పిన పుస్తకం ఆ పెట్టెలలో లేదు. అది గ్రంథాలయోద్యమం వారి లోపం కాదు. అటువంటి పుస్తకం తెలుగులో ఇంకా పుట్టలేదు.

వారి ప్రసక్తే సాహిత్యంలో లేదని కాదు. తిక్కనగారి విరాటపర్వంలో బృహన్నల ఉన్నది. భారత యుద్ధంలో శిఖండి ఉన్నాడు. కాని ఒకరిది అజ్ఞాతవాసపు వేషం, ఒకరిది పూర్వజన్మ పగ. ఇక లోకవ్యవహారంలో ‘పేడి’, ‘కొజ్జా’ వంటి మాటలు తిట్లుగానే చెలామణి అయినవి. మేమూ ఇందుకు అతీతులం కాము. చిన్ననాడు సంత రోజున అంగళ్ళ వెంట చప్పట్లు చరుస్తూ వచ్చినవారిని చూచి నవ్విన పిల్లల గుంపులో మేమూ ఉన్నాము. వారికీ ఒక ఊరు, ఒక తల్లి, బడిలో కూర్చున్న ఒక బల్ల ఉండి ఉంటాయని మాకు పెద్దలు చెప్పలేదు. గ్రంథాలయం నుండి ఇంటికి తెచ్చుకొన్న పుస్తకాలూ చెప్పలేదు. పత్రికలలో వారి ప్రస్తావన కనబడితే అది పోలీసు వార్తలలోనో, హాస్య శీర్షికలోనో కనబడేది. ఆ నవ్వును తలచుకొంటే ఇప్పుడు సిగ్గు కలుగుతుంది.

చట్టం చూపు కూడా అట్టిదే. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ విభాగం వారి ప్రేమను నేరంగా ఎంచినది. నిజాం రాజ్యంలో 1329 ఫసలీ, అనగా 1919 ప్రాంతంలో చేసిన చట్టం నపుంసకులన్న పేరుతో కొందరి పేర్లూ, నివాసాలూ సర్కారు దస్తరాలలో ఎక్కించవలెనని శాసించినది. ఆడదుస్తులు ధరించి వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకొనవచ్చునన్నది. గ్రంథాలయపు జాబితాలో చోటు లేనివారికి పోలీసు జాబితాలో మాత్రం చోటు దొరికినది.

ఒక మనిషి గ్రంథాలయంలో తనను తాను వెదకుకొని దొరకక నిరాశపడడం మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో బార్బరా గిట్టింగ్స్ అనే ఆమె జీవితం ఇందుకు ప్రసిద్ధ నిదర్శనం. ఆమె 1932లో జన్మించినది. కళాశాలలో చేరిన తొలి సంవత్సరమే తాను స్త్రీలను ప్రేమించే స్త్రీనని గ్రహించి, అది ఏమిటో తెలుసుకొనడానికి తరగతులు మాని గ్రంథాలయాల చుట్టూ తిరిగినది. ఆమెకు దొరికినవి మానసిక రోగాల గ్రంథాలు, నేరశాస్త్ర గ్రంథాలు. వాటిలో రోగులు ఉన్నారు, నేరస్థులు ఉన్నారు. ఆమె మాత్రం లేదు. ఈ వెదుకులాటలో పడి ఆమె చదువు చెడినది. ఆ వెదుకులాటే తరువాత ఆమె జీవితకార్యమైనది.

1956లో ఆరంభమైన ‘ది లాడర్’ అనే చిన్న పత్రిక అటువంటి స్త్రీలు తమ కోసం తాము నడుపుకొన్నది. గిట్టింగ్స్ 1963 నుండి 1966 వరకు దానికి సంపాదకురాలు. ముఖం చూపించడానికే భయపడే ఆ కాలంలో పత్రిక అట్టమీద నిజమైన స్త్రీల ఛాయాచిత్రాలు ముద్రించడం ఆమె కాలంలోనే సాగినది. ఆ చిత్రాలు పెక్కు తీసినది ఆమె జీవిత సహచరి, పాత్రికేయురాలు కే లాహుసెన్. 1970లో అమెరికా గ్రంథాలయ సంఘంలో స్వలింగ ప్రేమికులైన గ్రంథపాలకులు ఒక బృందంగా ఏర్పడినారు. వృత్తిరీత్యా గ్రంథపాలకురాలు కాకపోయినా గిట్టింగ్స్ వారితో చేరి, 1971 నుండి 1986 వరకు ఆ బృందానికి నాయకత్వం వహించినది. వారు చేసిన పని పైకి చూడడానికి చాలా సాధారణమైనది. చదువదగిన పుస్తకాల పట్టిక ఒకటి తయారుచేసి గ్రంథాలయాలకు పంచినారు. తొలి పట్టికలో ఉన్నవి 37 అంశాలు మాత్రమే. 1980 నాటి కూర్పులో అవి 563కు పెరిగినవి. స్వలింగ ప్రేమను గురించిన గ్రంథాలను అసహజ ప్రవర్తనలూ, లైంగిక నేరాలూ అన్న శీర్షిక కింద ఉంచవద్దని కూడా ఆ బృందం వాదించినది. 1972లో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన వర్గీకరణను మార్చినది. ఆ మార్పు పెద్దదా అని అడుగవచ్చును. పుస్తకం వెన్నుమీద అతికించిన చీటీలోని అంకె మారినది. కాని ఆ అంకెను పట్టుకొని బీరువా వద్దకు పోయే పదునెనిమిదేళ్ళ పిల్లకు, తాను నేరస్థుల వరుసలో ఉన్నదా, మనుషుల వరుసలో ఉన్నదా అన్నది ఆ అంకె వల్లనే తెలుస్తుంది. గిట్టింగ్స్ 2007లో మరణించినది. అంతకు నాలుగేళ్ళ ముందు, 2003లో, అమెరికా గ్రంథాలయ సంఘం ఆమెకు గౌరవ సభ్యత్వమిచ్చి సత్కరించినది.

మన దేశంలో ఈ మార్గం తొక్కిన తొలివారిలో అశోక్ రావ్ కవి అనే పాత్రికేయుడు ఒకరు. ఆయన 1990లో బొంబాయి నుండి ‘బాంబే దోస్త్’ అనే పత్రికను ఆరంభించినారు. 1999లో బెంగుళూరులో సంగమ అనే సంస్థ ఏర్పడినది. లైంగిక విషయాలపై పుస్తకాలూ, పత్రికలలోని కత్తిరింపులూ, పత్రాలూ సేకరించి అడిగినవారికి అందించే కేంద్రంగా అది పని మొదలుపెట్టినది. అంటే అదీ ఒక విధమైన గ్రంథాలయమే. దానిలో చిరుద్యోగిగా చేరిన ఎ. రేవతి జీవితం ఇక్కడ చెప్పవలసినది.

తమిళనాడులో నామక్కల్ ప్రాంతపు పల్లెలో, కష్టపడి బ్రతికే కుటుంబంలో, మగబిడ్డగా ఎంచబడి పుట్టి, స్త్రీగా జీవించడానికి ఇల్లు విడిచి ఢిల్లీ, బొంబాయిలు తిరిగి, హిజ్రా గృహాలలో గురువుల వద్ద మెలగి, దెబ్బలూ అవమానాలూ తిన్న మనిషి ఆమె. సంగమలో పనిచేస్తూ తనవంటివారి జీవితకథలను వారినే అడిగి తెలుసుకొని, తమిళంలో 2004లో ‘ఉణర్వుం ఉరువముం’ అనే గ్రంథంగా వెలువరించినది. పదిమంది కథ సేకరించిన తరువాత తన కథ వ్రాసుకొన్నది. వి. గీత చేసిన ఇంగ్లీషు అనువాదం 2010లో ముందుగా వెలువడినది. తమిళ మూలం ‘వెళ్ళై మొళి’ అన్న పేరుతో మరుసటి ఏడు అచ్చయినది. పత్రాలు సేకరించే కేంద్రంలో ఉద్యోగం, సాటివారిని పలుకరించి వారి మాట వ్రాసుకొనడం, చివరకు తన సమూహపు చరిత్రను తన నోట చెప్పడం - ఈ మూడూ ఆమె జీవితంలో ఒకదాని వెంట ఒకటి వచ్చినవి.

ఇక్కడనే కథ మన తెనాలికి తిరిగి వస్తున్నది. తెనాలి పక్కన కొలకలూరు అనే ఊరున్నది. 1940లో ఆ ఊరిలో జన్మించిన పి. సత్యవతిగారు ‘ఇల్లలకగానే’ వంటి కథలతో తెలుగు పాఠకులకు చిరపరిచితులు. విజయవాడలో ఇంగ్లీషు అధ్యాపకురాలిగా పనిచేసినారు. రేవతి గ్రంథాన్ని ఆమె తెలుగు చేయగా, ‘ఒక హిజ్రా ఆత్మకథ’ అన్న పేరుతో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వారు 2014లో ప్రచురించినారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద బహుమతి లభించినది. ఇల్లలికే స్త్రీ తన పేరు మరచిపోయిన కథ వ్రాసిన చేయే, సమాజం పేరు పెట్టి పిలువని మనిషి కథను తెలుగులోకి తెచ్చినది.

ఈ అనువాదంలో మన భాషకు సంబంధించిన ఒక ముఖ్య విషయం ఉన్నది. తెలుగులో క్రియ లింగభేదాన్ని చెప్పి తీరుతుంది. ‘వచ్చినాడు’ అంటే పురుషుడు. ‘వచ్చినది’ అంటే స్త్రీ, పశువు, వస్తువు, ఏదైనా కావచ్చును. కనుక ఇటువంటివారిని గురించి పత్రికారచయిత ఒక్క వాక్యం వ్రాయవలెనన్నా ముందుగా వాడనో, ఆమె అనో, అది అనో తీర్పు చెప్పవలసి వస్తుంది. ఎన్నో ఏళ్ళు ఆ తీర్పు అవమానంగానే వెలువడినది. కాని ఉత్తమపురుషలో ఆ చిక్కు లేదు. ‘నేను వచ్చినాను’ అన్న మాటలో మగ లేదు, ఆడ లేదు, మనిషి మాత్రమే ఉన్నాడు. ‘నేను’ అని మొదలుపెట్టిన మనిషి తానెవరో తానే చెప్పుకొంటాడు. పోలీసు దస్తరం, వైద్యగ్రంథం, వార్తాపత్రిక - ఇవన్నీ ప్రథమపురుషలో చెప్పిన కథలు. ఆత్మకథ ఒక్కటే ఆ మనిషి నోట వెలువడినది. ఆ పుస్తకం బీరువాలో లేనంతకాలం ఎంత పెద్ద గ్రంథాలయమైనా ఆ విషయంలో ఏకపక్షమైన సాక్ష్యాన్నే పాఠకునికి చూపుతూ వచ్చినది.

అనువాదం వెలువడిన 2014వ సంవత్సరమే, ఏప్రిల్ 15న, సుప్రీంకోర్టు ఎవరి లింగభావాన్ని వారే నిర్ణయించుకొనవచ్చునని తీర్పు చెప్పినది. వయోజనులు పరస్పర సమ్మతితో కలిసిన కలయిక 377వ విభాగం కింద నేరం కాదని 2018 సెప్టెంబరు 6న మరొక తీర్పు వచ్చినది. నిజాం నాటి చట్టాన్ని 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టివేసినది. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయపు బట్లర్ గ్రంథాలయం నుదుటి మీద హోమర్, ప్లేటో, అరిస్టాటిల్ మొదలైన ఎనిమిదిమంది పురుషుల పేర్లు రాతిలో చెక్కి ఉన్నవి. 2019లో ఆ పేర్లకు పైన ఒక పెద్ద తెర కట్టి, టోనీ మారిసన్, మాయా ఏంజెలో మొదలైన రచయిత్రుల పేర్లు వ్రాసినారు. ఆ వరుసలో నామక్కల్ పల్లె నుండి పారిపోయిన రేవతి పేరు కూడా ఉన్నది.

అయితే గ్రంథాలయం నుదుటి మీద పేరుండడం వేరు, గ్రంథాలయం లోపల పుస్తకం ఉండడం వేరు. మనకు రెండవది ముఖ్యం. తెనాలిలోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో శాఖా గ్రంథాలయానికి ఒక పిల్లవాడు వస్తాడు. వార్తాపత్రిక చదివే నెపం మీద బల్ల వద్ద కూర్చుంటాడు. గ్రంథపాలకుని ఏమీ అడుగడు, అడుగలేడు. అటువంటివాని కోసం ఆ పుస్తకాన్ని తాళం వేసిన బీరువాలో కాక, చేతికందే చోట, ఆత్మకథల వరుసలో ఉంచడం గ్రంథపాలకుని పని. ఇటువంటివారిని గురించి వ్రాసేటప్పుడు వారు తమను ఏ మాటతో పిలుచుకొంటారో ఆ మాటనే వాడడం పత్రికారచయిత పని. ఇంటికి తెచ్చిన పుస్తకాన్ని చూచి ఇదెందుకురా అని గద్దించకుండా, మనమూ ఒకసారి తిరుగవేయడం ఇంటిలోని పెద్దల పని.

కాలువల మీద ప్రయాణికుల పడవలు ఆగి చాలాకాలమైనది. పెదవడ్లపూడి - కొల్లూరుల నడుమ నీరు మాత్రం ఇంకా పారుతున్నది. ఆ నీటి మీద నాగభూషణంగారు పుస్తకాల పెట్టెలు పంపినది గ్రంథాలయానికి రాలేనివానిని ఉద్దేశించి. రాలేనివారిలో ఎవరెవరు ఉన్నారో మనకు ఇప్పుడు మరికొంత బాగా తెలిసినది. పెట్టెలో మరొక పుస్తకం చేర్చవలసి ఉన్నది.